గరిటె పట్టిన సన్యాసి

పొద్దున లేచింది మొదలు రాత్రి నడుం వాల్చేదాకా పనే. ఈ పనుల మధ్య దేవుణ్ని తలచుకునేదెప్పుడు? మూడున్నర శతాబ్దాల కిందట పారిస్ మఠంలో ఒక వంటవాడు తన బతుకుతోనే దీనికి జవాబు చెప్పాడు. ఆ జవాబును ఇప్పుడు పోప్ మళ్లీ గుర్తుచేశారు.

2025 డిసెంబరు మొదట్లో పోప్ పద్నాలుగో లియో తుర్కియే, లెబనాన్ పర్యటన ముగించుకొని రోమ్‌కు తిరిగి వెళ్తూ విమానంలో విలేకరులతో మాట్లాడారు. తన మనసేమిటో తెలుసుకోవాలంటే పునీత అగస్టీను రచనలతో పాటు ఇంకో చిన్న పుస్తకం చదవమన్నారు. నూట నలభై కోట్ల మంది కతోలికుల పెద్ద తన ఆధ్యాత్మిక జీవితానికి దారిగా చూపించిన ఆ పుస్తకం ఏ మహాపండితుడిదో కాదు. పదిహేడో శతాబ్దంలో ఒక మఠంలో వంట చేసి, వయసు మళ్లాక చెప్పులు బాగుచేసిన మాజీ సిపాయిది. పేరు బ్రదర్ లారెన్స్. ఆయన గురుపట్టం పుచ్చుకోలేదు, ప్రసంగపీఠం ఎక్కలేదు, పుస్తకం రాద్దామని కూడా అనుకోలేదు.

మన క్రైస్తవ కుటుంబాల్లో పెరిగినవాళ్లకు ఒక ఇబ్బంది బాగా తెలుసు. ‘ప్రార్థన చేసుకున్నావా?’ అని అమ్మ ఫోన్లో అడుగుతుంది. చేసుకోలేదు. ఆఫీసు క్యాబ్ తెల్లారకముందే వచ్చి హారన్ కొట్టింది. పిల్లాడి టిఫిన్ డబ్బా, గ్యాస్ సిలిండరు, అత్తగారి బీపీ మాత్ర, వీటి మధ్య బైబిలు అలమరాలోనే ఉండిపోయింది. ఆదివారం పాస్టరుగారేమో పౌలు థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక తీసి, మానకుండా ప్రార్థించమని పౌలు చెప్పిన సంగతి గుర్తుచేస్తారు. మానకుండా అంటే ఎలా? గుడారాలు కుట్టి పొట్టపోసుకున్న పౌలుకు పని అంటే ఏమిటో తెలియనిది కాదు. పొద్దస్తమానం మోకాళ్ల మీదే ఉండిపోతే ఆ గుడారాలు ఎవరు కుడతారు?

మోడుచెట్టు, యుద్ధం, వంటిల్లు

లారెన్స్ అసలు పేరు నికొలా ఎర్మాన్. 1614 ప్రాంతంలో, నేటి ఫ్రాన్స్ తూర్పు అంచున లొరేన్ సీమలో, లూనెవిల్ పట్టణం దగ్గరి ఎరిమెనిల్ అనే పల్లెలో పుట్టాడు. పద్దెనిమిదేళ్ల వయసులో ఒక చలికాలం ఆకు రాలిన చెట్టు కంటపడింది. కొన్నాళ్లకు ఇదే చెట్టు చిగురిస్తుంది, పూస్తుంది, కాస్తుంది కదా అనుకున్నాడు. దేవుడంటే తనకు కలిగిన ప్రేమకు అదే మొదలని చాలా ఏళ్ల తర్వాత చెప్పుకున్నాడు. దర్శనం లేదు, ఆకాశవాణి లేదు. సాక్ష్యాల కూటాల్లో ఇలాంటి సాక్ష్యం చెబితే ‘అంతేనా?’ అంటారేమో.

అప్పటికి యూరప్‌లో ముప్పై ఏళ్ల యుద్ధం నడుస్తోంది. నికొలా సిపాయిగా చేరాడు. ఒకసారి జర్మన్ దళాలు పట్టుకొని, గూఢచారివంటూ ఉరి తీస్తామని బెదిరించాయి. ప్రాణాలతో బయటపడ్డాడు గానీ 1635లో రాంబెర్విలేర్ దగ్గర కాలికి గాయమైంది. ఆ కాలు మళ్లీ బాగుపడలేదు. కొన్నాళ్లు ఏకాంతవాసిగా బతకాలని చూశాడు, కుదరలేదు. తర్వాత పారిస్‌లో ఫ్యూబే అనే కోశాధికారి ఇంట్లో నౌకరుగా కుదిరాడు. చేతికి అందిందల్లా పగలగొట్టే మొద్దు నౌకరునని తన గురించి తానే చెప్పుకున్నాడు.

1640లో వోజిరార్ వీధిలోని కర్మెలు సభ మఠంలో చేరాడు. అక్కడైనా తన మొద్దుతనానికి తగిన శిక్ష పడుతుందనీ, సుఖాలన్నీ పోయిన బతుకును దేవుడికి అర్పించవచ్చనీ అనుకున్నాడట. తీరా మఠంలో సంతోషమే తప్ప ఇంకేమీ దొరకలేదు. దేవుడు తనను భలే మోసం చేశాడని సరదాగా అనేవాడు. మఠంలో ఆయనకు పెట్టిన పేరు పునరుత్థానపు లారెన్స్. గురువులు కాని సోదరుల వంతు చాకిరీ కాబట్టి వంటింట్లో వేశారు. వంట పని ఆయనకు స్వతహాగా గిట్టదు. అయినా పదిహేనేళ్లు చేశాడు.

ఇక్కడొకటి గమనించాలి. చాలామంది ఆయన్ను వంటింట్లో ఆనందంగా పాడుకుంటూ తిరిగే మనిషిగా ఊహించుకుంటారు. ఆయన ఇష్టపడి వంటింటికి వెళ్లలేదు. నచ్చని పనిలో, నొప్పి పెట్టే కాలితో, నూనె మసి మధ్య నిలబడే ఈ సాధన మొదలుపెట్టాడు. పెనం మీద గుడ్డట్టు తిప్పితే అది దేవుడి మీద ప్రేమతో తిప్పాలి. నేల మీద గడ్డిపరక ఏరినా అంతే. అట్టు దించాక ఇంకో పని లేకపోతే అక్కడే నేల మీద సాగిలపడి, లేచి, రాజుకన్నా సంతోషంగా ఉండేవాడట. ప్రార్థనకు నియమించిన వేళలు, పని వేళలు అనే తేడా తనకు లేదని చెప్పేవాడు. వంటింట్లో నలుగురూ నాలుగు రకాలుగా పిలుస్తూ గోల చేస్తున్నప్పుడు కూడా, దివ్యసత్ప్రసాదం ముందు మోకరించినంత నెమ్మదిగా ఉండగలిగేవాడట.

ఒకసారి ద్రాక్షారసం కొనుక్కురమ్మని ఆయన్ను బర్గండీ ప్రాంతానికి పంపారు. బేరసారాలు తెలియవు, నడక సరిగా లేదు. పడవలో ఇటునుంచి అటు వెళ్లాలంటే పీపాల మీదుగా దొర్లుకుంటూ వెళ్లాల్సిందే. ‘ఇది నీ పని’ అన్నట్టుగా దేవుడికి అప్పజెప్పి వెళ్లాడు. పని బాగానే జరిగింది. ఎలా జరిగిందో మాత్రం ఆయనకే తెలియదు. ముందు అడగడం, పని చేయడం, అయ్యాక బాగా వచ్చిందా లేదా చూసుకోవడం. బాగా వస్తే కృతజ్ఞత, రాకపోతే క్షమాపణ. ఆయన పద్ధతి చాలావరకు ఇంతే.

ఇవన్నీ మనకు తెలిసింది జోసెఫ్ ద బోఫోర్ అనే గురువు వల్ల. 1666 ఆగస్టులో మొదలుపెట్టి ఆయన లారెన్స్‌ను నాలుగుసార్లు కలిసి, విన్నది రాసుకున్నాడు. 1691 ఫిబ్రవరి 12న లారెన్స్ చనిపోయాక ఆ సంభాషణలను, దొరికిన కొద్దిపాటి ఉత్తరాలను అచ్చు వేయించాడు. మొత్తం కలిపితే ఒక పూట చదువు.

చీకటి పదేళ్లు

ఆ ఒక పూట చదువులోనూ మనవాళ్లు దాటేసే పేజీలున్నాయి. మఠంలో మొదటి పదేళ్లు లారెన్స్ బాగా నలిగిపోయాడు. అందులో నాలుగేళ్లయితే తాను నరకానికే పోతానని గట్టిగా నమ్మాడు. ఎవరెన్ని చెప్పినా ఆ నమ్మకం పోలేదు. చివరికి, తర్వాత ఏమైనా కానీ, బతికున్నన్నాళ్లు దేవుడి మీద ప్రేమతోనే పని చేస్తానని తేల్చుకున్నాడు. ఆ తర్వాతే మనసు కుదుటపడింది. ప్రతి క్షణం దేవుడు తోడున్నాడన్న ధీమా ఆయనకు మఠంలో చేరిన రోజునే చేతికొచ్చింది కాదు. ఆయనలో నాకు అన్నిటికన్నా నమ్మకం కలిగించేది ఈ పదేళ్లే.

మరచిపోవడం గురించి కూడా ఆయన సూటిగానే మాట్లాడాడు. గంటల తరబడి దేవుడి ధ్యాసే రాకపోతే? పనిలో తప్పు దొర్లితే? ‘నన్ను నా మానాన వదిలేస్తే ఇంతే చేస్తాను, నువ్వే నిలబెట్టాలి’ అనే అర్థం వచ్చేలా దేవుడితో ఒక మాట అనుకొని, ఇక దాని గురించి కుమిలిపోకుండా పనిలో పడేవాడు. మన భక్తిలో కుమిలిపోవడానికి చాలా పెద్దపీట ఉంది. ఉపవాస కూటాల్లో కన్నీళ్లను బట్టి పశ్చాత్తాపాన్ని కొలుస్తాం. లారెన్స్ దృష్టిలో తప్పు తర్వాత గంటసేపు తనను తాను తిట్టుకుంటూ కూర్చోవడం అంటే, ఆ గంట కూడా దేవుణ్ని వదిలి తన చుట్టూ తాను తిరగడమే.

ఇంజెక్షన్ ఇస్తూ దేవుణ్ని తలచుకోవాలా?

న్యాయమైన ప్రశ్న ఇది. ఐసీయూలో రాత్రి డ్యూటీ చేసే నర్సు మందు మోతాదు చూసుకోవాలి. ఆర్టీసీ డ్రైవరు శ్రీశైలం ఘాట్‌లో మలుపు చూసుకోవాలి. అప్పుడు మనసులో కీర్తన నడుస్తుంటే ప్రయాణికులకే ప్రమాదం.

పదమూడో శతాబ్దంలోనే థామస్ అక్వినాస్ దీనికి జవాబిచ్చాడు. చేసే ప్రతి పనిలో, కోరే ప్రతి కోరికలో కడపటి గమ్యం గురించి ఆలోచిస్తూనే ఉండనక్కర్లేదు, మొదట పెట్టుకున్న సంకల్పం బలం ఆ పనుల్లో నిలిచే ఉంటుంది అన్నాడు. బాటసారి అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా చేరాల్సిన ఊరి గురించి ఆలోచించడు, అయినా నడిచేది ఆ ఊరికే. నర్సు గ్లవుజులు తొడుక్కునేటప్పుడు ఒక మాట, తీసేటప్పుడు ఒక మాట అనుకుంటే చాలు. మధ్యలో ఆమె ధ్యాసంతా రోగి మీదే ఉండటం ప్రార్థనకు అడ్డు కాదు, ఆ ప్రార్థన కోరిందీ అదే.

బైబిల్లో దీనికి నాకు బాగా నచ్చిన మనిషి నెహెమ్యా. అర్తహషస్త రాజుకు ద్రాక్షారసం అందించే ఉద్యోగి. దిగులుగా ఉన్నావేమని రాజు అడిగాడు. కావాల్సిందేమిటో చెప్పమన్నాడు. ఆ ప్రశ్నకూ జవాబుకూ మధ్య నెహెమ్యా దేవుడికి ప్రార్థన చేశాడని ఆ గ్రంథం రెండో అధ్యాయం చెబుతుంది. ఎంతసేపు పట్టి ఉంటుంది? రాజుకు విసుగు రానంతసేపు. కళ్లు మూసుకొని కూడా ఉండడు. వెంటనే జవాబిచ్చాడు, యెరూషలేము గోడ కట్టడానికి సెలవూ సంపాదించాడు. లారెన్స్ కూడా ఒక ఉత్తరంలో సైన్యంలో ఉన్న మిత్రుడి గురించి ఇలాగే రాశాడు. కత్తి చేతపట్టి కవాతు చేస్తున్నా మనసును ఒక్కసారి దేవుడి వైపు ఎత్తితే చాలనీ, దానివల్ల ధైర్యం తగ్గదు సరికదా పెరుగుతుందనీ. యుద్ధం చూసినవాడు రాసిన మాట కాబట్టి దానికి విలువుంది.

నిమిషాల లెక్క

లారెన్స్ తర్వాత ఈ దారిలో నడిచినవాళ్లలో ఫ్రాంక్ లాబాక్‌ది వింత ప్రయోగం. అమెరికన్ మిషనరీ. 1930లో ఫిలిప్పీన్స్‌లోని మిందనావో దీవిలో, లనావో సరస్సు పక్కన మరనావో ముస్లింల మధ్య ఒంటరిగా ఉన్నాడు. ఊరివాళ్లు ఆయన్ను నమ్మడం లేదు, భార్యాబిడ్డలు దూరంగా ఉన్నారు. సాయంత్రాలు ఒక గుట్టెక్కి కూర్చునేవాడు. చుట్టూ ఉన్న ముస్లింలను తాను లోలోపల చిన్నచూపు చూస్తున్నానని ఆ గుట్ట మీదే అర్థమైందని తర్వాత రాసుకున్నాడు. దేవుణ్ని ప్రతి నిమిషం గుర్తుంచుకోవడం సాధ్యమా అని తన మీద తానే పరీక్ష పెట్టుకొని, ఆ సంగతులు తండ్రికి ఉత్తరాలుగా రాశాడు. తర్వాత దాన్నొక ఆటగా మార్చి, గంటలో ఎన్ని నిమిషాల్లో దేవుడు ఒక్కసారైనా గుర్తొచ్చాడో లెక్కవేసుకోమన్నాడు.

ఈ లెక్క నాకు అంతగా రుచించదు. అంకెలు చూడగానే పోటీ మొదలవుతుంది, ఓడినరోజు దిగులు మొదలవుతుంది. స్మార్ట్‌వాచీలో అడుగులు లెక్కపెట్టుకునే ఈ కాలంలో దానికి ఇంకో లెక్క తోడవడం అవసరమా? కానీ లాబాక్ విషయంలో ఆ ధ్యాస గుట్ట మీదే ఆగిపోలేదు. అక్షరం రాని మరనావోల భాషకు పాఠాల పట్టికలు తయారుచేశాడు. నేర్చుకున్న ప్రతివాడూ ఇంకొకరికి నేర్పాలన్న ఆయన పద్ధతి తర్వాత ఎన్నో దేశాలకు పాకింది, మన దేశానికీ వచ్చింది. నిమిషాల లెక్క కన్నా ఈ అక్షరాల లెక్క బాగుంది.

మన ఊళ్ల గంటలు, గుప్పిళ్లు

మనదగ్గర ఈ సంప్రదాయం లేదనుకుంటే పొరపాటు. పాత కతోలిక గ్రామాల్లో గుడిగంట పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మోగితే అది త్రికాల జపానికి పిలుపు. పొలంలో ఉన్నా, బావి దగ్గర ఉన్నా ఒక్క క్షణం చేతిలో పని ఆపి సిలువ గుర్తు వేసుకునేవారు. రెండు నిమిషాల్లో అయిపోయేది. గుంటూరు సీమలోని ఫిరంగిపురంలో ఏటా జులైలో కొండ మీద కర్మెలు మాత ఉత్సవం జరుగుతుంది. జనం వేలల్లో వస్తారు. పారిస్‌లో లారెన్స్ మఠమూ ఆ కర్మెలు సభదే. నేటి ఇజ్రాయెల్‌లోని కర్మెలు కొండ మీద, ఏలీయా ప్రవక్త జ్ఞాపకంగా బతికిన పాతకాలపు తాపసుల నుంచి పుట్టిన సభ అది. తాను నిత్యం యెహోవా సన్నిధిలో నిలిచి ఉన్నవాణ్నని చెప్పుకున్న ప్రవక్త ఏలీయా. ఉత్సవానికి కొండెక్కే మనవాళ్లలో ఎంతమందికి ఆ సభలో ఒక వంటవాడు ఉన్నాడని తెలుసో!

ప్రొటెస్టెంటు ఇళ్లలో గంటకు బదులు దీపాలు పెట్టే వేళ కుటుంబ ప్రార్థన ఉండేది. టీవీ సీరియళ్లు దాన్ని పక్కకు నెట్టాయి. సెల్‌ఫోను వచ్చాక ఇంట్లో నలుగురూ ఒకచోట కూర్చోవడమే అరుదైంది. ఇప్పుడు దాని స్థానంలో వాట్సాప్‌లో పొద్దున్నే గులాబీపువ్వు బొమ్మతో ఒక వచనం వస్తుంది, మనం దాన్ని ఇంకో మూడు గ్రూపులకు పంపుతాం. డిసెంబరు 31 అర్ధరాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డు తీసుకుంటాం. సంక్రాంతి నాటికి అందులో ఏముందో అడిగితే తడుముకుంటాం. కార్డు గోడకు బాగానే ఉంటుంది.

గుర్తుండేది చేతికి అంటుకున్న అలవాటే. పిడికెడు బియ్యం సంగతే చూడండి. అన్నం వండేముందు ఇంటామె ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేస్తుంది. వారానికోసారి అది సంఘానికి చేరుతుంది. మన పల్లె సంఘాల్లో పాతవాళ్లకు ఇది ఎరుకే. మిజోరంలో 1910లో మొదలైన ఇదే అలవాటు నేటికీ అక్కడి ప్రెస్బిటీరియన్ సంఘానికి పెద్ద ఆదాయం, ఇంటింటా నడుస్తోంది. దాన్ని అందరూ కానుకగానే లెక్కవేస్తారు. నాకు మాత్రం అది ప్రార్థన అనిపిస్తుంది. ఆ చెయ్యి బియ్యం డబ్బాలోకి వెళ్లిన ప్రతిసారీ దేవుడు గుర్తొచ్చి తీరతాడు. ఆకలితో ఉన్న ఇంకో ఇల్లు కూడా గుర్తొస్తుంది. మనసుకు పని చెబితే మరచిపోతుంది, చేతికి చెబితే మరవదు.

గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి కువైట్ వెళ్లి ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్ల సంగతి చూస్తే ఇదంతా తీరికున్నవాళ్ల ముచ్చట కాదని తెలుస్తుంది. అక్కడ తెలుగు ఆరాధనలు శుక్రవారం జరుగుతాయి. సెలవు దొరికినవాళ్లు వెళ్తారు. దొరకనివాళ్లకు నెలల తరబడి సంఘం లేదు, సహవాసం లేదు. పరాయి వంటింట్లో, పరాయి భాషలో, గిన్నెలు తోముతూ లోలోపల తెలుగులో ఒక మాట. ఆ మాట తప్ప గుడి లేని మనిషికి లారెన్స్ పుస్తకం చదివి వినిపించక్కర్లేదు, ఆమెకు అందులో కొత్త సంగతేమీ ఉండదు.

ఎవరి గరిటె?

ఆ పుస్తకం బతికిన తీరులో ఒక తమాషా ఉంది. లారెన్స్ పోయిన కొన్నేళ్లకే ఫ్రాన్స్‌లో, సొంత ప్రయత్నం మాని మౌనంగా దేవుడికి వదిలేస్తే చాలనే మౌనధ్యానవాదం మీద పెద్ద రగడ రేగింది. లారెన్స్‌ను ఎరిగిన ఫెనెలోన్ ఆర్చిబిషప్పు రాసిన పుస్తకాన్ని 1699లో రోమ్ తప్పుపట్టింది. ఆ పక్షం వాళ్లు మెచ్చుకున్న పాపానికి ఈ వంటవాడి మాటలు కూడా సొంత దేశంలో, సొంత సంఘంలో మూలపడ్డాయి. వాటిని నిలబెట్టింది ప్రొటెస్టెంట్లు. పియేర్ ప్వారే మళ్లీ అచ్చువేశాడు, జాన్ వెస్లీ తన అనుచరుల కోసం తెచ్చిన గ్రంథమాలలో చేర్చుకున్నాడు. కతోలికులు పోగొట్టుకున్నదాన్ని ప్రొటెస్టెంట్లు దాచిపెట్టారు, ఇప్పుడు పోప్ మళ్లీ చేతికి తీసుకున్నారు.

అయితే ఈ బోధను మన సమాజంలో వినిపించేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి ముందు నిలబడి, రాత్రి పదింటికి అంట్లు ముగించే ఇల్లాలితో ‘అమ్మా, నీ వంటిల్లే దేవాలయం’ అంటే వినడానికి ఇంపుగానే ఉంటుంది. చెప్పేవాడు భోజనానికి కూర్చొని చెబుతున్నాడా, కూరగాయలు తరుగుతూ చెబుతున్నాడా అన్నది చూడాలి. కుండల మధ్య కూడా దేవుడుంటాడని తన మఠకన్యలకు బోధించిన సన్యాసిని అవిలా తెరేసా స్వయంగా పదిహేడు మఠాలు స్థాపించి, బళ్ల మీద స్పెయిన్ అంతా తిరిగి, బిషప్పులతో తగువులాడిన మనిషి. వంటింట్లో దేవుడున్నాడు కాబట్టి ఆడవాళ్లు అక్కడే ఉండాలని ఆమె అనలేదు. ఇక లారెన్స్ మగవాడు, మగవాళ్లకే వండి పెట్టాడు. ఈ మాట ఆయన గురించి చెప్పే ప్రసంగాల్లో ఎందుకో వినపడదు.

మన సంఘాల్లో క్రిస్మస్ ఆరాధన తర్వాత ప్రేమ విందు ఉంటుంది. లోపల మైకులో ప్రసంగం సాగుతుంటే మందిరం వెనక గాడిపొయ్యి మీద డేగిసాల్లో బిర్యానీ ఉడుకుతుంటుంది. ఉల్లిపాయలు తరిగేవాళ్లు, బియ్యం కడిగేవాళ్లు, పొగలో కళ్లు తుడుచుకునేవాళ్లు ఎక్కువగా స్త్రీల సమాజం వాళ్లే. దేవుణ్ని పనిలో తలచుకోవడం గురించి లోపల ప్రసంగం జరుగుతున్నా వాళ్లు ఆ పనిలోనే ఉంటారు, ప్రసంగం సగమే వినపడుతుంది. ఈసారి క్రిస్మస్‌కు సంఘ పెద్దలు, పాస్టరుగారు గరిటెలు పట్టుకొని, ఆ అక్కలను ముందు వరసలో కూర్చోబెడితే బాగుంటుంది. బిర్యానీ అడుగంటితే అంటనివ్వండి. లారెన్స్ మొదటి ఏడాది వంట మాత్రం ఎలా ఉండి ఉంటుంది?